కొండ కత్తిరించని ఫొటో

"ఆ ఫొటో నువ్వు తియ్యలేదని రాయ్," అన్నాడు దొరబాబు మళ్ళీ. పొద్దున్నుంచి అతని నోట ఇదే మాట. "మిషను సేసినాదని రాయ్. రెండు ముక్కలు. నీ సెయ్యేటి అరిగిపోద్దా?"

ఈశ్వరి ఫోన్ ఒళ్ళో పెట్టుకుని గోడకి ఆనుకుని కూచుంది.

"తీసింది నాను. తియ్యలేదని ఎలా రాత్తాను అన్నియ్యా?"

"ఎప్పుడూ అబద్ధం ఆడనట్టు మాటాడకు. మొన్న బస్సు దొరకలేదని కొట్టు ఓనరుకి సెప్పి, ఋషికొండలో దిగి ఫొటోలు తీసుకోలేదేటి?"

"అది ఏరు."

"ఏటి ఏరు?"

ఎలా వేరో ఈశ్వరికి తెలుసు. అన్నకి అర్థమయ్యేలా చెప్పడానికే మాట దొరకలేదు.

పొయ్యి దగ్గర తల్లి చిట్టమ్మ ఉంది. చిట్టమ్మకి కోపం వస్తే మనుషులతో మాట్లాడదు, గిన్నెలతో మాట్లాడుతుంది. "సూసినావా," అంది పులుసు గిన్నెతో, "పిల్లకి అంత పెద్ద ఫోనెందుకని నాను మొత్తుకున్నాను. ఎవులైనా ఇన్నారా? ఇప్పుడు ఇంటి కూడు తీసుకెల్లి బజార్లో పెట్టినాది."

ఇంటి కూడు అనడంలో అతిశయమేమీ లేదు. భీమిలి ఒడ్డున ఈశ్వరి తండ్రి అర్జునరావు కుటుంబం బతుకుతున్నది సముద్రం అడుగున ఉన్న ఒక రాళ్లగుట్ట మీద. ఆ రాళ్ల చుట్టూ చేప చేరుతుంది. ఆ చోటు నీళ్ల మీద కనబడదు. ఒడ్డున ఉన్న కొండ, దాని ముందున్న కట్టడం ఒక వరసలోకి వచ్చేదాకా పడవ నడపాలి. ఇంకో దిక్కున ఇంకో వరస. రెండు వరసలూ కుదిరిన చోట వల దించాలి. వాటిని గురుతులంటారు. ఏ కొండ, ఏ కట్టడం అని మాత్రం అడక్కండి. ఈ పత్రిక కామరాజు ఇంటికీ వెళ్తుంది.

ఆ కామరాజే నిన్న ఒడ్డున కూచుని, ఈశ్వరి ఫొటోల్ని రెండు వేళ్లతో పెద్దవి చేసి చూస్తూ దొరబాబు కంటపడ్డాడు. దాచుకోలేదు సరికదా, నవ్వాడు. "మీ సెల్లి బాగా తీసినాది బావా. కొండ ఎంత బాగా పడినాదో!" అన్నాడు. అతనిది పెద్ద ఇంజను పడవ. అందులో జీపీయస్ పెట్టె ఉంది. రేపు తెల్లవారగట్ల బయల్దేరతానని రేవులో అందరితో చెప్పాడు. ఒక్కసారి ఆ చోటు ఆ పెట్టెలో పడిందంటే ఇక అది అర్జునరావుది కాదు, అందరిదీ.

అసలు ఈ నిప్పు పెట్టింది కామరాజు కాదు, గుణశేఖర్. సముద్రంతో అతనికి ఏ సంబంధమూ లేదు.

'విశాఖ క్లిక్కులు' అని ఫేస్‌బుక్‌లో ఒక గ్రూపు ఉంది. మద్దిలపాలెం మందుల కొట్లో బిల్లులు కొట్టే ఈశ్వరి ఏడాదిగా అందులో ఫొటోలు పెట్టి తిట్లు తింటోంది. అక్కడ "సూపర్", "నైస్" అని రాస్తే ఊరుకోరు. తప్పేమిటో చెప్పాలి. అందరూ చెప్పడం అయ్యేదాకా తీసినవాళ్లు నోరెత్తకూడదు. అందరికన్నా ఎక్కువగా ఆమెని తిట్టింది నీలకంఠం. గోదావరి జిల్లా నుంచి వచ్చి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ముఖాముఖీ ఎప్పుడూ చూడలేదు గానీ ఈశ్వరికి ఆయన తిట్లంటే ప్రాణం.

పోయిన నెల దొరబాబు జ్వరంతో పడుకుంటే, వల లాగడానికి చెయ్యి తక్కువై అర్జునరావు కూతుర్ని పడవెక్కించాడు. ఆడమనిషి పడవెక్కడమేమిటని రేవులో గొణిగారు. ఎండ పొడిచే వేళ తండ్రి వల చేత్తో పట్టుకుని, దించకుండా ఆగి, ఒడ్డుకేసి చూస్తున్నాడు. ఈశ్వరి ఆ క్షణాన్ని ఫోన్‌లో పట్టింది. గ్రూపులో పెడితే నీలకంఠం, "వెనకాల ఆ కొండెందుకమ్మాయ్? మనిషిని చూడనివ్వట్లేదు, కత్తిరించు" అన్నాడు. కత్తిరించింది. కొండ పోయేసరికి తండ్రి మొహం ఫొటో అంతా నిండింది. ద్వారకా నగర్ హాల్లో ఆదివారం జరిగే ప్రదర్శనకి ఆ ఫొటో ఎంపికైంది.

అప్పుడు ఆ గ్రూపులోనే ఉన్న గుణశేఖర్ రాశాడు, "మందుల కొట్టు అమ్మాయికి ఫోన్‌లో ఈ వెలుగు ఎలా వచ్చింది? ఇది ఏఐ బొమ్మ" అని. మరికొందరు ఔనన్నారు. ఈశ్వరికి ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే కత్తిరించని అసలు ఫొటో, ఆ వెంటనే రెండో వైపు తిరిగి తీసిన ఇంకో ఫొటో తెచ్చి గ్రూపులో పడేసింది. గుణశేఖర్ నోరు మూతపడింది. కామరాజు కళ్లు తెరుచుకున్నాయి.

"ఆ రెండూ నిన్ననే తీసీసినాను కదా అన్నియ్యా," అంది ఇప్పుడు.

"ఆడి ఫోన్లో దాసుకున్నాడు. నువ్వు తీసీసరికి ఆడికి నమ్మకం కుదిరిపోనాది. ఇప్పుడు ఆడికి అనుమానం పుట్టాల. అది మిషను గీసిన కొండ అనుకోవాల. డీజిలు తగలేసుకుని ఎల్లడానికి ఎనకాడాల. ఇంకో దారి నేదు."

"ఆదివారం అక్కడ గోడ మీద నా పేరు ఉంటాది. దొంగని సెప్పి సింపించుకోమంటావా?"

"గోడ మీద పేరు కూడెడతాదేటి?"

ఈశ్వరి చివ్వున లేచింది.

"నాకు తెలిత్తే పెట్టేదాన్నా? అది గురుతని నాకెవులు సెప్పినారు? పడవెక్కించినారు, వల లాగించినారు. ఏటి దాయాలో ఒక్క ముక్క సెప్పినారా? నీకు మీసం రాకముందే సెప్పినారు."

"ఆడపిల్లకి ఎవుడు సెప్తాడు? రేపు పెళ్ళయితే ఆ గురుతు నీ మొగుడి పడవెక్కెల్లిపోద్ది."

"మరి తప్పు నాదెలాగయినాది? తెలిసినోలు దాసుకోవాల. తెలీనోలు ఏటి దాత్తారు?"

పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగిపోయింది.

బయట అరుగు మీద అర్జునరావు వల బాగుచేసుకుంటున్నాడు. నిన్నటి నుంచి ఆయన పలకలేదు. కూతుర్ని ఒక్క మాట అనలేదు. తిడితే ఈశ్వరికి తేలిగ్గా ఉండేది. ఆయన చిరిగిన చోట కుట్టి, చిరగని చోట కూడా కుడుతున్నాడు.

ఈశ్వరి వెళ్ళి ఎదురుగా కూచుంది.

"నాన్నా, నువ్వు సెప్పు. రాయమంటే రాత్తాను."

"నన్నడక్కు."

"మరెవుల్ని అడగాల?"

"పేరు నీది."

"సోటు నీది కదా."

అర్జునరావు దారం పళ్లతో తెంపాడు. "నాది కాదు," అన్నాడు.

"మా అయ్యది," అంది గుమ్మంలోంచి చిట్టమ్మ.

ఈశ్వరి తలెత్తి చూసింది. ఈ మాట ఆ ఇంట్లో ఎప్పుడూ వినలేదు. దొరబాబు కూడా తల్లి వెనక వచ్చి నిలబడ్డాడు.

"మా అయ్యకి మగపిల్లలు నేరు. నా పెళ్ళయిన కొత్తలో మా ఇంటి అరుగు మీద ఈయన్ని కూకోబెట్టుకుని సెప్పినాడు. నన్ను నీల్లకి ఎల్లమన్నాడు. బిందె నింపుకుని వచ్చేతలికి సెప్పడం అయిపోనాది." చిట్టమ్మ గొంతులో ఇప్పుడు కోపం లేదు. "ఇన్నేల్లు ఆ సేపని నెత్తినెట్టుకుని ఈదీదీ తిరిగి అమ్మినాను. ఎక్కడ పడినాదో నాకు తెల్దు."

"ఎప్పుడూ అడగలేదు కదేటి?" అన్నాడు అర్జునరావు.

"అడిగితే సెప్పీవోడివా?"

అర్జునరావు వల మీదకి వంగాడు. కుట్టడం మాత్రం మొదలుపెట్టలేదు.

ఈశ్వరి అమ్మని చూసింది. పొద్దున్నుంచి గిన్నెల్ని తిట్టిన మనిషి ఈమేనా అనిపించింది. తనకెవరూ చెప్పలేదన్న దుఃఖం చాలా చిన్నదనీ, అమ్మది చాలా పాతదనీ తోచింది. ఆ తోచడంతోనే ఏం చెయ్యాలో కూడా తేలిపోయింది.

"రాత్తాను," అంది.

దొరబాబు మొహం వెలిగింది. "అదీ! అలగ సెప్పు."

"ఆగు. ముందు నాన్న ఆ గురుతులు సెప్పాల. నాకూ, అమ్మకీని."

"ఫొటోలో ఉన్నాయి కదా! ఇంక సెప్పడానికేటుంది?"

"కామరాజు దొంగసాటుగా సూసినట్టు సూడ్డం కాదు. నాన్న నోటితో సెప్పాల. నా పేరు తీసుకెల్లి దేనికోసం ముంచుతన్నానో నాకు తెలియాల కదా."

"కుదర్దు! తాతల నాటినుంచి ఆడోలకి సెప్పిందెక్కడైనా ఉందా?"

"నేదు. అందుకే ఈరోజు ఇలగయినాది."

"నాన్నా, సూడు ఎలగ మాటాడతన్నాదో! దీనికి సెప్తే రేపు ఈ గురుతు కూడా ఫేస్‌బుక్‌లో..."

"ఒరే," అన్నాడు అర్జునరావు. కేక కాదు, మామూలుగానే అన్నాడు. దొరబాబు ఆగిపోయాడు. ఆయన వల పక్కకి నెట్టి చోటు చేశాడు. "కూకో," అన్నాడు కూతురితో. తర్వాత గుమ్మం వైపు చూసి, "నువ్వూను," అన్నాడు.

చెప్పాడు. గొంతు తగ్గించి, వేలితో గాల్లో గీస్తూ చెప్పాడు. ఫొటోలో ఉన్న రెండు వరసలే కాదు, నీటి లాగుడు మారిన నెలల్లో ఎటు జరగాలో, మంచు పట్టి కొండ కనబడకపోతే ఏం చూసుకోవాలో, అన్నీ చెప్పాడు. ఒకచోట చిట్టమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓలమ్మా, అదేనా! రోజూ దండం ఎడతన్నాను కదా దానికి," అంది. అర్జునరావు మొదటిసారి కొంచెం నవ్వాడు.

ఈశ్వరి నవ్వలేదు. ఫోన్ తీసింది.

"నేను పెట్టిన మూడు ఫొటోలూ నేను తీసినవి కావు. ఏఐతో చేసినవి. గుణశేఖర్ గారు చెప్పిందే నిజం. క్షమించండి" అని రాసింది. క్షమించండి అన్న మాట దొరబాబు చెప్పలేదు, తనే చేర్చింది. రాసిన వెంటనే నొక్కేసింది. ఆగితే ఇక నొక్కలేనని తెలుసు.

గుణశేఖర్ కాచుకుని కూచున్నట్టు వెంటనే వచ్చాడు. "నేను ముందే చెప్పాను" అన్నాడు. కింద నవ్వే బొమ్మలు వరసకట్టాయి. గ్రూపు నడిపే శ్రీసత్య రాసింది. "ఈశ్వరి గారూ, మీరు ఇలా చేస్తారనుకోలేదు. ఆదివారం మీ ఫొటో పెట్టలేము." మందుల కొట్టుకి ఎదురుగా ఉండే స్టూడియో అతను కూడా ఒక చప్పట్ల బొమ్మ పెట్టాడు. రేపటినుంచి రోజూ అతని మొహం చూడాలి.

దొరబాబు రేవుకి పరుగెత్తాడు. వచ్చేటప్పుడు ఈల వేసుకుంటూ వచ్చాడు.

"పనిసేసినాదే! కామరాజు బావకి ఎవుడో సూపించినాడు. మొహం ఇంతయిపోనాది. రేపటికి డీజిలు ఒద్దని సెప్పీసినాడు." చెల్లెలి మొహం చూసి ఈల ఆపాడు. "పోన్లేవే. ఫొటోలు ఇంకా తీసుకోవచ్చు," అన్నాడు కొంచెం మెత్తగా. "ఆడి ఫోన్లోంచి మాత్రం తీసెయ్యలేదు. దాసే ఉంచినాడు."

అప్పుడే ఫోన్ టింగుమంది. నీలకంఠం రాశాడు. గ్రూపులో, అందరి ఎదుటా.

"ఈ అమ్మాయి రాసింది నేను నమ్మను. ఏడాదిగా ఈమె ఫొటోల్లో తప్పులు పట్టేవాణ్ని నేనే. ఈమె ఫోన్ కెమెరా అద్దం మీద గీత ఉంది. వెలుగు ఎదురుగా ఉంటే కుడివైపు సన్నటి చార పడుతుంది. మార్పించుకోమన్నాను, వినలేదు. మనిషి పాదాలు ప్రతిసారీ కోసేస్తుంది. కొయ్యకమ్మా అన్నాను, అదీ వినలేదు. కత్తిరించకముందు ఫొటోలోనూ అవన్నీ ఉన్నాయి. నేను తిట్టిన తిట్లు యంత్రానికి ఎవరు చెప్పారు? తప్పులు ఈశ్వరివి. కాబట్టి ఫొటో ఈశ్వరిది. చాలా మంచి ఫొటో."

ఈశ్వరి చదివింది. మళ్ళీ చదివింది. 'మంచి' అన్న మాట ఆయన నోట ఏడాదిలో రావడం ఇదే మొదటిసారి. ఎగిరి గంతెయ్యాలనిపించింది, ఎవరికైనా చూపించాలనిపించింది. చూపించడానికి పక్కన ఉన్నది దొరబాబే.

"ఎవుడే ఈ ముసలోడు?" దొరబాబు ఫోన్ లాక్కుని చదివి అరిచాడు. "మొత్తం ముంచీసినాడు! అందరూ లైకులు కొట్టెత్తన్నారు. కామరాజు సూత్తే..."

"ఇలాగియ్యి."

నీలకంఠం నంబరు గ్రూపులోనే ఉంది. ఈశ్వరి ఎప్పుడూ చెయ్యలేదు, భయం. ఇప్పుడు చేసింది. అర్జునరావు, చిట్టమ్మ అరుగు మీదే కూచుని చూస్తున్నారు.

"సార్, నేను ఈశ్వరిని."

"ఓహో, నువ్వా అమ్మాయ్! చూశావా? ఆ గుణశేఖర్‌కి ఇవాళ అన్నం సయించదు. ఆయ్, మా నాన్నగారు అనేవారు..."

"సార్, మీరు రాసింది తీసెయ్యండి."

"ఎందుకూ?"

"నిజం కాదు కాబట్టి సార్."

"నా కళ్ళు పోయాయంటావా?"

"అలా అనట్లేదు సార్."

"నిన్నెవరైనా బెదిరించారా? చెప్పు. శ్రీసత్యతో నేను మాట్లాడతాను. పోలీసుల దాకా వెళ్దాం."

"ఎవరూ బెదిరించలేదు సార్. నేనే రాశాను. నా ఇష్టంతోనే రాశాను."

"అయితే ఒక్క ముక్కలో చెప్పు. ఆ ఫొటో నువ్వు తీశావా, లేదా?"

ఈశ్వరి తండ్రి వైపు చూడలేదు. చూస్తే నిజం బయటికి వచ్చేస్తుంది. గుణశేఖర్‌తో అబద్ధం రాయడం ఒక ఎత్తు, ఈయనతో చెప్పడం ఒక ఎత్తు. లోకంలో తన చేతి తప్పుల్ని బట్టి తనని గుర్తుపట్టినవాడు ఈయనొక్కడే.

"లేదు సార్. నేను తియ్యలేదు."

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"సరే," అన్నాడు నీలకంఠం. ఫోన్ పెట్టేశాడు.

కాసేపటికి గ్రూపులో ఆయన మాటలు కనిపించకుండా పోయాయి. ఈశ్వరి ఆ ఖాళీని చూస్తూ కూచుంది.

ఆ తర్వాత ఆమెకొక్కదానికే ఒక సందేశం వచ్చింది. ఈశ్వరి పైకే చదివింది.

"తీసేశాను. నమ్మలేదు. ఏదో పెద్ద అవసరమే పడి ఉంటుంది, అడగను. హాల్లో నా ఫొటోకి ఇచ్చిన చోటు వదులుకున్నాను. అక్కడ మేకు ఖాళీగా ఉంటుంది. ఆదివారం లోపల కొత్త ఫొటో తీసుకురా. పాదాలు కొయ్యకు. అందరి ఎదుటా నిలబెట్టి తిడతాను."

"ఎల్లకు," అన్నాడు దొరబాబు వెంటనే. "అక్కడ నిన్ను లోపలికి రానిత్తారేటి? దొంగంటారు."

"అననీ."

"అన్నాక?"

"అన్నాక ఫొటో సూత్తారు కదా. సూసి ఇంకోటి అంటారు. అది కూడా ఇంటాను. తిట్లు తినడం నాకు అలవాటే అన్నియ్యా. తీసిందాన్ని తియ్యలేదని సెప్పడమే అలవాటు నేదు. అది ఒక్కసారికే."

"దేన్ని తీత్తావు?" అన్నాడు అర్జునరావు.

"రేపు పడవ మీదే తీత్తాను. కొండ పడకుండా. ఇప్పుడు ఎటు తిప్పకూడదో నాకు తెలుసు కదా."

అర్జునరావు ఆమెని చూశాడు. కూతుర్ని కాదు, రేవులో ఇంకో పడవవాణ్ని చూసినట్టు కొలిచి చూశాడు. తల ఊపాడు.

చిట్టమ్మ లేచి నిలబడింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది.

"నన్ను తియ్యి," అంది. "రేపు నానూ వత్తాను."

"ఎక్కడికి?" అన్నాడు దొరబాబు.

"మా అయ్య సోటుకి. ఒక్కసారి సూత్తాను."

"అమ్మా, నీకేటి పిచ్చా? ఈ పిల్ల ఎక్కితేనే ఊరంతా గొణిగినారు. నువ్వు కూడా ఎక్కితే రేవులో తలెత్తుకోగలమా? నాన్నా, నువ్వైనా సెప్పు!"

అర్జునరావు వల మడతపెట్టడం మొదలుపెట్టాడు. ఒక కొసనుంచి మెల్లగా, తొందర లేకుండా మడతపెట్టాడు. అంతా అయ్యాక, దాన్ని భుజానికి ఎత్తుకునే ముందు అన్నాడు.

"పడవలో ముగ్గురికే సోటు."

ముగ్గురూ దొరబాబు వైపు చూశారు.